పాత వెస్టర్న్ సీరియళ్లలో ఆడవాళ్లంతా చివరికి బండెక్కి వెళ్లిపోవాల్సిందేనా?

మల్లెపందిరి
మా మావయ్యగారు ఇండియా నుంచి వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో మధ్యాహ్నాలన్నీ పాత అమెరికన్ కౌబాయ్ సీరియల్ 'గన్‌స్మోక్'వే. ఆయనకి ఇంగ్లీషు సగం సగమే అర్థమవుతుంది. అయినా గుర్రాలు, తుపాకులు, మార్షల్ (పోలీసు అధికారి) మాట్ డిలన్ నడక ఉంటే చాలు. పక్కన కూర్చుని కూరలు తరుగుతూ నేనూ అలవాటు పడిపోయాను. ఇప్పుడు నాకో చిరాకు పట్టుకుంది.

ఊళ్లోకి కొత్తగా ఒకమ్మాయి వస్తుంది. మొగుడు పోయినదో, ఎవడో నమ్మించి వదిలేసినదో, పొట్టకూటికి సారాకొట్టులో, అదే సలూన్‌లో చేరినదో. ఊరి ఆడవాళ్లు మొహం తిప్పుకుంటారు. డాక్టరుగారూ, ఆ సలూన్‌లోనే ఉండే కిట్టీ జాలిపడతారు. డిలన్ దుర్మార్గుణ్ణి కాల్చి పారేస్తాడు. బాగానే ఉంది. కానీ చివర్లో ఆ పిల్ల పెట్టె సర్దుకుని ఊరు దాటించే గుర్రబ్బండి, అదే స్టేజ్‌కోచ్ ఎక్కేస్తుంది, లేదంటే చచ్చిపోతుంది. తప్పు చేసినవాడు పోయాక కూడా ఊరొదిలి పోవాల్సింది ఆమేనా? అప్పట్లో నిజంగా అలాగే ఉండేదా, లేక రాసినవాళ్లకి అంతకన్నా చేతకాలేదా?

రాజోలు_రాజు
సీరియల్ కదండీ. ఆ పిల్ల ఊళ్లోనే ఉండిపోతే వచ్చే వారం కూడా జీతం ఇవ్వాలి. నిర్మాత బాధ నిర్మాతది.

పాతరీలు
రాజు గారు జోక్‌గా అన్నారు గానీ అందులో సగం నిజం ఉంది. 1955లో మొదలై 1975 దాకా నడిచిన సీరియల్ అది, 635 ఎపిసోడ్లు. మొదటి ఆరేళ్లు ఒక్కో ఎపిసోడ్ అరగంటే, అందులోనూ ప్రకటనలు పోగా మిగిలేది ఇరవై అయిదు నిమిషాలు. డిలన్, డాక్టరు, కిట్టీ, డిలన్ సహాయకుడు చెస్టర్ కదలరు. కాబట్టి కష్టమంతా అతిథి పాత్రల మీద పడాల్సిందే. వాళ్లు వస్తారు, ఏడుస్తారు, వెళతారు.

కానీ 'చేతకాలేదు' అన్నదానికి నేను ఒప్పుకోను. రేడియోలో 1952 నుంచే ఇది నడిచింది, జాన్ మెస్టన్ రాసినవి చాలా చేదుగా ఉండేవి. టీవీలో 1958లో వచ్చిన 'ది క్యాబిన్' చూడండి. మంచుతుఫానులో డిలన్ ఒక గుడిసెలో తలదాచుకుంటాడు. అక్కడ ఇద్దరు దొంగలు, వాళ్ల చేతిలో బందీగా ఒకమ్మాయి. ఆమె మీద ఏం జరిగిందో ఒక్క ముక్కా చెప్పరు, చూసేవాళ్లకి మాత్రం పూర్తిగా తెలిసిపోతుంది. దొంగలిద్దరూ చచ్చాక ఆమె ముఖంలో సంతోషమేమీ ఉండదు. బతుకు ఇలా అయిపోయాక మంచి ఇల్లాలి జీవితం తనకెక్కడిది అన్నట్టు మాట్లాడుతుంది. మగాళ్లంతా అలాంటివాళ్లు కారని డిలన్ నచ్చజెప్పబోతాడు. ఆమె నమ్మదు. అంతే, అయిపోయింది. 1958లో, అదీ సిగరెట్ కంపెనీ డబ్బుతో నడిచే కార్యక్రమంలో!

ఓరుగల్లు_పిల్ల
పాతరీలు అన్నా, మీరు చెప్పింది అక్క అడిగిన దానికి సాక్ష్యమే కదా. ఆమెకు చివర్లో ఏం మిగిలింది? ఇంకో ఊరు.

పాతరీలు
సాక్ష్యమే. కాకపోతే అది దాచిన కథ కాదు, ముఖం మీద కొట్టి చెప్పిన కథ అంటున్నా.

హిస్టరీ_హనుమంతు
మల్లెపందిరి గారి ప్రశ్నలో రెండున్నాయి. టీవీ ఎందుకలా చూపించింది, అసలు చరిత్ర ఎలా ఉండేది.

టీవీ సంగతి ముందు. 1952లో అమెరికా ప్రసార సంస్థల సంఘం ఒక నియమావళి పెట్టుకుంది. అక్రమ సంబంధాన్ని మెచ్చుకోదగిందిగా చూపకూడదు, కుటుంబ వ్యవస్థ పవిత్రంగా కనబడాలి, అలాంటివి. కాబట్టి 'తప్పుదారి పట్టిన' స్త్రీ అదే ఊళ్లో హాయిగా కాపురం పెట్టినట్టు చూపితే స్పాన్సర్‌కి టెన్షన్. ఆమె చావాలి, లేదా పశ్చాత్తాపపడి వెళ్లిపోవాలి. స్టేజ్‌కోచ్ అలా పనికొచ్చింది.

1958–59 సీజన్‌లో అమెరికాలో ఎక్కువమంది చూసిన పది కార్యక్రమాల్లో ఏడు వెస్టర్న్‌లే. కుటుంబమంతా కూర్చుని చూసేవాళ్లు. అందుకని కిట్టీ పైగదిలో ఏముందో ఎవరూ అడగరు.

బెజవాడ_బుల్లోడు
కిట్టీ ఓనర్ కదా బ్రో? గల్లాపెట్టె దగ్గర నిలబడి లెక్కలు చూసుకుంటుంది.

హిస్టరీ_హనుమంతు
మొదట్లో కాదు. తొలి ఎపిసోడ్లలో అక్కడ పనిచేసే అమ్మాయే. రేడియో రోజుల్లో అయితే ఆమె వృత్తి ఏమిటో తయారుచేసినవాళ్లకి స్పష్టంగా తెలుసు, నిర్మాత నార్మన్ మెక్‌డానెల్ ఆ మాట పత్రికతోనే అన్నాడు. టీవీకి వచ్చాక మెల్లగా లాంగ్ బ్రాంచ్ సలూన్‌లో సగం వాటా ఇచ్చి గౌరవం పెంచారు. చిన్నప్పుడే వదిలేసి పోయిన తండ్రి న్యూ ఓర్లీన్స్ నుంచి దిగే కథ ఒకటుంది, చూడండి. కూతురు సలూన్‌లో ఉందని ఆయనకి సిగ్గేమీ లేదు. ఆమె వాటా మీదే కన్ను.

లక్ష్మీ_టీచర్
ఆ తండ్రిని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. పెంచనివాడికి పరువు, ఆస్తి రెండూ కావాలి.

అమాండా బ్లేక్ పంతొమ్మిది సీజన్లు చేసింది ఆ పాత్ర. ఇన్నేళ్లలో డిలన్ ఆమెను పెళ్లాడడు. అతని ఉద్యోగం ప్రమాదకరమట! ఊళ్లో ఏ ఆపద వచ్చినా ముందు పరిగెత్తేది ఆమే, అనాథ పిల్లల్ని చూసుకునేది ఆమే, జబ్బుపడిన పని అమ్మాయిల పక్కన కూర్చునేది ఆమే. అయినా ఊరి 'మర్యాదస్తుల' పేరంటానికి ఆమెకు పిలుపు ఉండదు. ఈ విషయాన్ని ఆ సీరియల్ పెద్దగా డైలాగులతో చెప్పదు, ఆమె ఎక్కడ కూర్చుంటుందో, ఎవరు పలకరిస్తారో చూస్తే తెలుస్తుంది. నాకు మాత్రం ఆ బండెక్కి వెళ్లిన అమ్మాయిల కంటే ఉండిపోయిన కిట్టీ కథే ఎక్కువ కష్టంగా అనిపిస్తుంది.

మల్లెపందిరి
టీచర్ గారూ, ఇది నేను ఆలోచించలేదు. నిజమే, ఉండిపోయింది ఒక్క కిట్టీయే. అందుకు కట్టిన ధర పెళ్లి లేకపోవడం.

కాన్సాస్_కాకి
నేను ఉండేది కాన్సాస్‌లోని విచితాలో. గన్‌స్మోక్ కథ జరిగే డాడ్జ్ సిటీ ఇక్కణ్ణుంచి పడమరగా రెండున్నర గంటల దారి, ఎవరైనా చుట్టాలొస్తే బూట్ హిల్ మ్యూజియానికి తీసుకెళ్లడం నా డ్యూటీ. ఫ్రంట్ స్ట్రీట్‌ని మళ్లీ కట్టి పెట్టారు, లాంగ్ బ్రాంచ్ కూడా ఉంది. లాంగ్ బ్రాంచ్ అనే సలూన్ నిజంగానే ఉండేది, దాని యజమానులు మాత్రం మగవాళ్లు. కిట్టీ కల్పన.

అక్కడ విన్న అసలు మనిషి కథ డోరా హ్యాండ్‌ది. పాటగత్తె, ఊళ్లో మంచి పేరు. 1878లో ఊరి మేయర్ మీద పగబట్టిన ఒక టెక్సాస్ పశువుల ఆసామి కొడుకు రాత్రివేళ మేయర్ ఇంటి మీదకి కాల్పులు జరిపాడు. ఆ రాత్రి మేయర్ అక్కడ లేడు, ఇంట్లో నిద్రపోతున్నది డోరా. ఆమె పోయింది. వాణ్ణి తరిమి పట్టుకొచ్చారు, కానీ సాక్ష్యం చాలదని వదిలేశారు. డిలన్ ఉంటే వదిలేవాడా చెప్పండి.

రాజోలు_రాజు
డిలన్ ఉంటే అరగంటలో అయిపోయేది. ప్రకటనలతో కలిపి.

హిస్టరీ_హనుమంతు
కాకి గారు విచితా అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. ఆ పశువుల సంత ఊళ్లలో వ్యభిచారం చట్టరీత్యా నేరం. కానీ మూయించరు. నెలనెలా ఆ స్త్రీల దగ్గర జరిమానా వసూలు చేస్తారు, వచ్చే నెల మళ్లీ మామూలే. విచితాలో ఆ జరిమానాలే పురపాలక ఖర్చుల్లో పెద్ద భాగం, పోలీసుల జీతాలు కూడా అందులోంచే. పన్నులు పెంచకుండా ఊరు నడిచేది వాళ్ల డబ్బుతో.

అంటే మార్షల్ జీతం ఎవరిస్తున్నట్టు? ఈ ఒక్క ముక్క ఏ సీరియల్లోనూ నాకు కనబడలేదు. వెలివేసిన మనిషి మీదే ఊరి ఖజానా నడవడం, ఆ వెలి తీసేస్తే ఆదాయం పోవడం. చూపిస్తే హీరో ఛాతీ మీద బ్యాడ్జి అంత మెరవదు మరి.

ఓరుగల్లు_పిల్ల
అమ్మో. ఇది తెలిశాక డిలన్‌ని మునుపటిలా చూడలేను. నెలనెలా మామూళ్లు వసూలు చేసుకుంటూ పైకి నీతులా!

పాతరీలు
హనుమంతు గారూ, అది నగర మార్షల్ వ్యవహారం. డిలన్ ఫెడరల్ మార్షల్, జీతం ప్రభుత్వానిది. నా హీరో జోలికి రావద్దు 😄

హిస్టరీ_హనుమంతు
సరే, మీ హీరో జేబు శుభ్రం. పక్కనున్న ఊరి పోలీసు జేబు సంగతి అడుగుతున్నా.

నిద్రలేని_నర్సు
అందరూ సలూన్ చుట్టూనే తిరుగుతున్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు సలూన్‌లో కాదు, చెట్టు కూడా లేని మైదానంలో మట్టిపెళ్లలతో కట్టిన ఇంట్లో ఉండేవాళ్లు. వానొస్తే కప్పు కారుతుంది, ఎండాకాలం పైనుంచి పాములు జారతాయి. కట్టెల్లేవు కాబట్టి ఎండిన పేడ ఏరుకొచ్చి పొయ్యి రాజేసేవాళ్లు, ఆ పని ఆడవాళ్లదీ పిల్లలదీ. మా నాయనమ్మకి చెబితే 'అమెరికావాళ్లూ పిడకలేనా' అని తెగ మురిసిపోయింది.

నా ఫీల్డ్ కాబట్టి నేను గమనించేది పురుళ్లు. 'బొనాంజా' సీరియల్లో ఇంటి పెద్ద బెన్ కార్ట్‌రైట్‌కి ముగ్గురు కొడుకులు, ముగ్గురు తల్లులు, ముగ్గురూ పోయారు. మొదటావిడ పురిట్లో, రెండో ఆవిడ బాణం దెబ్బకి, మూడో ఆవిడ గుర్రం మీంచి పడి. 'రైఫిల్‌మన్'లో లూకస్ మెకేన్ భార్య కూడా కథ మొదలయ్యేసరికే లేదు. ఆడదాని చావు అక్కడ హీరోకి స్వేచ్ఛ ఇవ్వడానికి. ఆ కాలంలో పురిటి జ్వరం నిజంగానే ప్రాణాలు తీసేది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ చావు ఎలా జరుగుతుందో, ఆ ముందు తొమ్మిది నెలలు నీళ్లు మోసింది ఎవరో మాత్రం ఎవరూ చూపించరు.

బెజవాడ_బుల్లోడు
బొనాంజాలో కొడుకులు ప్రేమించిన అమ్మాయిలు కూడా బతకరు నర్సమ్మా. ఆ ఇంటికి సంబంధం చూడాలంటే ముందు జాతకాలు చూపించుకోవాలి.

నిద్రలేని_నర్సు
మూడో కొడుకు లిటిల్ జో పెళ్లి చేసుకున్న పిల్ల కూడా కడుపుతో ఉండగానే పోతుంది, 1972లో. జాతకాలు కాదు, స్క్రిప్టే దోషం.

లక్ష్మీ_టీచర్
బొనాంజా మీద ఒక మంచి మాట కూడా చెప్పనివ్వండి. బెన్ మూడో భార్య పేరు 'మరీ' (Marie), ఆమె కథ ఎపిసోడ్‌లో న్యూ ఓర్లీన్స్‌లో ఆమె మీద పుట్టించిన పుకారే ప్రధానం. పుకారు అబద్ధమని తేలుతుంది. కానీ అప్పటికే ఆమె జీవితం చిందరవందర అయిపోయింది.

హిస్టరీ_హనుమంతు
అదే సీరియల్లో ఇంకొకటి, 1959లో మొదటి సీజన్‌లోనే వచ్చిన జూలియా బులెట్ అనే వేశ్య కథ. ఈమె నిజంగా నెవాడాలోని వర్జీనియా సిటీలో ఉన్న మనిషి. సీరియల్లో పెద్ద భవంతి, పట్టుబట్టలు, లిటిల్ జో ప్రేమ, జ్వరాలొచ్చినప్పుడు రోగులకి సేవ, చివరికి హత్య.

అసలు జూలియా డి వీధిలో ఒక చిన్న అద్దె ఇంట్లో ఉండేది. 1867 జనవరిలో నగల కోసం ఆమెను చంపారు. అప్పులు పోను ఏమీ మిగల్లేదు. అగ్నిమాపక దళంవాళ్లు ఆమెను గౌరవ సభ్యురాలిగా చూసేవారు, శవయాత్రకి వరసకట్టి నడిచారు. హంతకుడు జాన్ మిలెయిన్‌ని మరుసటి ఏడాది ఉరితీశారు. అక్కడో విడ్డూరం ఉంది. జైల్లో ఉన్న అతనికి ఊరి పెద్దింటి ఆడవాళ్లు కొందరు తినుబండారాలు పంపారట. చంపినవాడి మీద జాలి, చచ్చినదాని మీద లేదు.

మల్లెపందిరి గారూ, 'నిజంగా అలాగే ఉండేదా' అని అడిగారు కదా. ఉండేది. సీరియల్ చూపించినదానికంటే ఘోరంగా.

ఓరుగల్లు_పిల్ల
ఆ తినుబండారాలు పంపినవాళ్ల మీద ఒక సీరియల్ తియ్యాలి అసలు.

గోదారి_గాలి
నేను ఇక్కడ కాస్త ఎదురు చెప్పాలి. మీరంతా అమెరికా పడమటి సరిహద్దు ఊళ్ల స్త్రీ అంటే ఏడుపే అన్నట్టు రాస్తున్నారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ఒంటరి స్త్రీ, విధవ, మొగుడు వదిలేసినది ఎవరైనా తన పేరు మీదే 160 ఎకరాలకి దరఖాస్తు పెట్టొచ్చు. అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా ఆమెదే. వయోమింగ్‌లో 1869లోనే ఆడవాళ్లకి ఓటు. ఇక మన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో, అదీ ఎన్ని గొడవల మధ్య!

అక్కడ విధవ ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకుంటే ఎవరూ నోరెళ్లబెట్టేవారు కాదు. టీవీ ఈ ధైర్యవంతుల్ని వదిలేసి కన్నీళ్లే ఎంచుకుంది.

నిద్రలేని_నర్సు
గాలి గారూ, మళ్లీ పెళ్లి స్వేచ్ఛేనంటారా? మూడు వందల మైళ్లలో ఇంకో ఆడమనిషి లేక, చంటిపిల్లలతో, చలికాలం ముందుంటే ఎవడు అడిగినా సరే అనాలి. ఆ చట్టంలో ఇంకో మెలిక కూడా ఉంది. పెళ్లయిన స్త్రీ తన పేరు మీద పెట్టడానికి లేదు. భూమి కావాలా మొగుడు కావాలా తేల్చుకోవాలి.

గోదారి_గాలి
తేల్చుకునే హక్కు ఉండటమే గొప్ప కదండీ ఆ రోజుల్లో. మన దగ్గర రెండూ లేవు.

కాన్సాస్_కాకి
నెబ్రాస్కాలో బియాట్రిస్ దగ్గర ఈ హోమ్‌స్టెడ్ చట్టం మీద జాతీయ పార్కు ఉంది. ఒంటరి ఆడవాళ్ల దరఖాస్తుల గురించి అక్కడ బాగా చెబుతారు. ఇద్దరి మాటా నిజమే అనిపించింది నాకు. కొంతమంది భూమి పట్టా చేతికొచ్చేదాకా పెళ్లి వాయిదా వేసుకున్నారట. తెలివంటే అదీ.

పాతరీలు
ధైర్యవంతులు అసలు లేరనడం మాత్రం కుదరదు. 1954 నుంచి 57 దాకా 'యానీ ఓక్లీ' సీరియల్, గెయిల్ డేవిస్ నటించింది. అది పిల్లల కార్యక్రమం అనుకోండి, 81 ఎపిసోడ్లు. ఆ తర్వాత 'ది బిగ్ వ్యాలీ', 1965 నుంచి 69, బార్బరా స్టాన్‌విక్.

బిగ్ వ్యాలీ గురించి రెండు ముక్కలు. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ దగ్గర పెద్ద పశువుల రాంచ్, యజమానురాలు విక్టోరియా బార్క్‌లీ విధవ. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక కుర్రాడు గుమ్మంలో నిలబడి, చనిపోయిన మీ ఆయనకి పెళ్లి కాకుండా పుట్టినవాణ్ణి అంటాడు. ఇంట్లోకి రానిస్తుంది. అది కాదు నాకు నచ్చింది. కొన్ని వారాల తర్వాత ఎవరికీ చెప్పకుండా చనిపోయిన ఆ కుర్రాడి తల్లి బతికిన స్ట్రాబెర్రీ అనే గనుల ఊరికి ఒక్కతే వెళుతుంది. ఆ లియా ఎలాంటి మనిషి, నా మొగుణ్ణి ఎందుకు చేరదీసింది అని. ఆ ఊళ్లో లియా సొంత అన్నే ఆమెను ఎంత చులకన చేశాడో తెలుస్తుంది. గౌరవంగా మాట్లాడేది హానా అనే నల్లజాతి పెద్దావిడ ఒక్కతే, బియా రిచర్డ్స్ వేసింది, ఏం నటన! ఒక మొగుడి తాలూకు ఇద్దరాడవాళ్లు, ఒకరు పోయారు, ఇంకొకరు ఆమె సమాధి వెతుక్కుంటూ పోయారు. తిట్టుకోవడానికి కాదు, తెలుసుకోవడానికి. ఆ కాలం టీవీలో ఇలాంటిది అరుదు.

లక్ష్మీ_టీచర్
అది చూసి నేను ఏడ్చాను. మన సీరియళ్లలో అయితే ఆ సమాధి దగ్గరే సవాళ్లు విసురుకునేవాళ్లు, నాలుగు వారాలు ఉరుముల శబ్దంతో.

రాజోలు_రాజు
నాలుగు వారాలా? అందులో మూడు వారాలు ముఖాల క్లోజప్పులే.

ఓరుగల్లు_పిల్ల
హానా పేరు తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. మిగతా ఆడవాళ్లేరి? బొనాంజాలో చైనా వంటమనిషి హాప్ సింగ్ ఉన్నాడు. చైనా ఆడవాళ్లు ఎక్కడ?

హిస్టరీ_హనుమంతు
1875లో పేజ్ చట్టం తెచ్చారు. చైనా నుంచి వచ్చే స్త్రీని వ్యభిచారిణి అని అనుమానిస్తే దేశంలోకి రానివ్వరు. ఆచరణలో దాదాపు అందరినీ అనుమానించారు. చైనా మగవాడు వంట చేస్తూ, బట్టలుతుకుతూ ఒంటరిగా కనిపించడానికి కారణాల్లో అదొకటి. సీరియల్లో అది నవ్వులాటగా మిగిలింది, వెనకున్న చట్టం మాట లేదు.

నల్లజాతి స్త్రీల సంగతీ అంతే. మోంటానాలో కాస్కేడ్ అనే ఊళ్లో 1895 నుంచి 1903 దాకా బండి మీద టపా మోసిన మేరీ ఫీల్డ్స్ అనే ఆవిడ ఉంది, బానిసగా పుట్టిన మనిషి. ఆమె ఒక్కతే పది ఎపిసోడ్ల సరుకు.

ఇక ఆదివాసుల దగ్గర బందీలై తిరిగొచ్చిన తెల్లవాళ్ల కథలు. ఇవి ప్రతి సీరియల్లోనూ ఉంటాయి. తిరిగొచ్చాక ఊరు ఆమెను అంటరానిదాన్ని చూసినట్టు చూస్తుంది, బిడ్డ ఉంటే మరీ. ఇంతవరకు టీవీ నిజాయితీగానే చూపింది. చూపనిది ఏమిటంటే సింథియా ఆన్ పార్కర్. 1836లో టెక్సాస్‌లో తొమ్మిదేళ్ల వయసులో కొమాంచీ ఆదివాసులు ఎత్తుకెళ్లారు. వాళ్లలోనే పెరిగింది, పెళ్లి, పిల్లలు. 1860లో సైనికులు 'రక్షించి' తెచ్చారు. ఆమె మళ్లీ కొమాంచీల దగ్గరికే పారిపోవాలని చూసింది. కొడుకులు అక్కడే ఉండిపోయారు, వాళ్లలో ఒకడు తర్వాత ప్రసిద్ధ నాయకుడైన క్వానా పార్కర్. తెచ్చిన చంటి కూతురు కూడా కొన్నేళ్లకే పోయింది. రక్షణే శిక్ష అయిన కథ. ఆదివాసీ స్త్రీ వైపు నుంచి అయితే ఒక్క సీన్ కూడా దొరకడం కష్టం.

మల్లెపందిరి
నిన్ననే ఇలాంటి ఎపిసోడ్ ఒకటి చూశాను. ఆమె బండెక్కి వెళ్లింది అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

బెజవాడ_బుల్లోడు
ఆ స్టేజ్‌కోచ్ కంపెనీలో షేర్లు కొనుక్కున్నా బాగుపడేవాళ్లం.

గోదారి_గాలి
రాసినవాళ్లంతా మగాళ్లే కదా అసలు కారణం?

పాతరీలు
అంతా కాదు. కాథ్లీన్ హైట్ అని ఒకావిడ, కాన్సాస్ మనిషే, రేడియో నుంచి టీవీ దాకా గన్‌స్మోక్‌కి రాసింది. ఎండ్ క్రెడిట్స్‌లో ఆమె పేరున్నవి వెతుక్కుని చూడండి. ఆడవాళ్లు మాట్లాడుకునే తీరులోనే తేడా తెలుస్తుంది.

లక్ష్మీ_టీచర్
1972లో వచ్చిన గన్‌స్మోక్ ఎపిసోడ్ 'హోస్టేజ్' గురించి ఎవరూ అనలేదేం? కిట్టీని ఒక ముఠా ఎత్తుకెళ్లి, చెప్పలేనంత హింస పెట్టి, ఊరి నడివీధిలో కాల్చి పడేస్తారు. డిలన్ బ్యాడ్జి తీసి పక్కన పెట్టి వేటకి బయల్దేరతాడు. 1958లో కనుసైగతో చెప్పింది పద్నాలుగేళ్లకి దాదాపు తెరిచి చెప్పారు. కానీ ఆ ఎపిసోడ్ ఆమె నొప్పి గురించి కాదు, అతని కోపం గురించి. నాకు అక్కడ కొట్టింది తేడా.

నిద్రలేని_నర్సు
కరెక్ట్ టీచర్ గారూ. గాయం ఆమెది, కథ అతనిది.

కాన్సాస్_కాకి
'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ'ని వెస్టర్న్ అంటారో లేదో తెలీదు గానీ, 1981లో 'సిల్వియా' అని రెండు భాగాలు వచ్చాయి. అందులో కథ మొత్తం ఆ పిల్లదే. స్కూలు పిల్ల, ముసుగు వేసుకున్న వాడొకడు పాడుచేస్తాడు. తండ్రి అప్పటికే ఆమె ఎదుగుదల చూసి సిగ్గుపడి ఛాతీకి గుడ్డ బిగించి కట్టిస్తుంటాడు. జరిగింది తెలిశాక తప్పు ఆమెదే అంటాడు. ఊరంతా గుసగుసలు. నా కూతురు పక్కనుండగా హఠాత్తుగా ఇది వచ్చింది, రిమోట్ కోసం సోఫా అంతా వెతికాను.

ఓరుగల్లు_పిల్ల
ఆ పిల్ల చివరికి?

కాన్సాస్_కాకి
నిచ్చెన మీంచి పడి చనిపోతుంది.

ఓరుగల్లు_పిల్ల
1981లో కూడా!

హిస్టరీ_హనుమంతు
ఆ సీరియల్ నిజంగా ఉన్న ఇంగల్స్ కుటుంబం కథ. అందులో పెద్దకూతురు మేరీకి చూపు పోయాక భర్తని ఇచ్చారు. అసలు మేరీ ఇంగల్స్ అయోవాలో అంధుల కళాశాలలో చదువుకుని ఇంటికొచ్చింది. పెళ్లి చేసుకోలేదు. 1928లో పోయింది. పెళ్లి కాని గుడ్డి స్త్రీ హాయిగా బతికిందంటే 1970ల ప్రేక్షకులు కూడా ఒప్పుకోరని భయపడ్డారేమో.

గోదారి_గాలి
చూశారా, అసలు మేరీ నా పక్షం.

లక్ష్మీ_టీచర్
కాకి గారూ, రిమోట్ వెతక్కండి. పాప వయసెంతో చెప్పలేదు గానీ, పన్నెండు దాటితే పక్కన కూర్చుని చూడనివ్వండి. మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒకసారి ఇలాంటి కథ మాట్లాడాల్సి వచ్చింది. మొదట వెనక బెంచీ మగపిల్లలు నవ్వారు. తర్వాత ఒకడు అడిగాడు, 'ఆ నాన్న ఎందుకు టీచర్ ఆ అమ్మాయినే తిట్టాడు' అని. గంట కొట్టేదాకా అదే చర్చ.

కాన్సాస్_కాకి
పదకొండు. మీరు చెప్పినట్టే ముందు బిగ్ వ్యాలీతో మొదలుపెడతాను. పాతరీలు గారూ, ఆ స్ట్రాబెర్రీ ఊరి ఎపిసోడ్ ఏ సీజన్?

పాతరీలు
మొదటి సీజనే, మొదట్లోనే వస్తుంది. పేరు 'బూట్స్ విత్ మై ఫాదర్స్ నేమ్'. పాపకి ముందు పైలట్ (మొట్టమొదటి ఎపిసోడ్) చూపించండి, లేకపోతే ఆ కుర్రాడు ఎవరో అర్థం కాదు.